దిగి నంబరు చూడు

మూడు నిమిషాలు మాట్లాడవచ్చు అన్నారు. రాసుకుని చదివినా సరే, కాగితం లేకుండా చెప్పినా సరే. ఇంగ్లీషులో చెప్పవచ్చు. తెలుగులో చెబితే ఇంగ్లీషులోకి మార్చేందుకు అమెరికా కోర్టువాళ్ళే ఒక మనిషిని పెడతారు. ఏ భాషో ముందు రోజు సాయంత్రంలోగా తెలపాలి.

శ్యాంబాబు నా పేరున రెండు పేజీలు ఇంగ్లీషులో తయారుచేసి తెచ్చాడు. అతను నా భార్య రెబెకాకు తమ్ముడు. బందరు కోర్టులో జూనియర్ అసిస్టెంటు. కాగితాలంటే అతనికి బెరుకు లేదు.

"చదువు బావా. ఎక్కడన్నా ఎక్కువైందనిపిస్తే కొట్టేద్దాం."

చదివాను. రెబెకా మంచి ఉపాధ్యాయురాలు, మంచి భార్య, మంచి కూతురు అని ఉంది. ఆమె లేని లోటు తీరనిది అని ఉంది. మా స్కూల్లో రిటైరయ్యే ప్రతివాళ్ళకూ చదివే సన్మానపత్రంలాగే ఉంది.

"బాగుంది" అన్నాను.

"నువ్వు బాగుంది అన్నావంటే నచ్చలేదని. పద్దెనిమిదేళ్ళ నుంచి చూస్తున్నా నిన్ను" అన్నాడు.

రెబెకా లెక్కల టీచరు. నాది సోషల్. పెళ్ళయిన కొత్తలో ఆమె నాగాయలంక అవతల పడవ దాటి వెళ్ళాల్సిన ఊళ్ళో ఆరేళ్ళు పనిచేసింది. ఆ పోస్టుకు ఎవరూ వెళ్ళేవారు కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ అనే నగరంలో లెక్కల టీచర్లు దొరకడం లేదని, మూడేళ్ళకు బయటి దేశాల నుంచి తీసుకుంటున్నారని ప్రకటన వచ్చినప్పుడు ఆమె దరఖాస్తు పెట్టింది. అప్పుడామెకు నలభై ఒకటి. మాకు పిల్లలు లేరు.

"వాళ్ళ టీచర్లు వాళ్ళకే ఎందుకు దొరకరు?" అని అడిగాను.

"ఎవరూ వెళ్ళని చోటుకే కదండీ మనల్ని పిలిచేది. నాకది అలవాటేగా" అంది.

రోజూ స్కూలుకు కారులో వెళ్తూ నాకు ఫోన్ చేసేది. అక్కడ ఉదయం ఆరూ ముప్పావు, ఇక్కడ సాయంత్రం ఆరుంబావు. ఆ నగరం గురించి నాకు తెలిసింది ఆ ఇరవై నిమిషాల ప్రయాణంలో ఆమె చెప్పినదే. ఒకప్పుడు ఎనిమిదిన్నర లక్షల మంది ఉన్న ఊరట. చెప్పుల ఫ్యాక్టరీలు, కార్ల ఫ్యాక్టరీలు ఉండేవట. ఇప్పుడు మూడు లక్షల మంది కూడా లేరట. ఆమె స్కూలుకు మలుపు తిరిగే వీధిలో పదిహేడు ఇళ్ళు. మనుషులు ఉంటున్నవి నాలుగు. మిగిలిన వాటి కిటికీలకు చెక్కలు కొట్టి ఉంటాయి.

"ఏవండీ, ఇక్కడ ఇటుకలు దొంగిలిస్తారు" అంది ఒకరోజు. "ఎవరూ లేని ఇంటికి నిప్పు పెడతారంట. ఫైరింజన్ వచ్చి నీళ్ళు కొడుతుంది కదా, దాంతో గోడలు వదులవుతాయంట. మర్నాడు వచ్చి ఇటుకలు ఏరుకుని లారీలో వేసుకుపోతారంట. నిన్న ఉన్న ఇల్లు ఇవాళ లేదు."

"మన బందరు కూడా ఓడలు ఆగిపోయిన ఊరే కదా" అన్నాను. ఎనిమిదో తరగతికి ఆ పాఠం చెబుతున్న రోజులవి. వలందులనే డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చి వ్యాపారం చేసిన రేవు. ఉప్పెనకు తుడిచిపెట్టుకుపోయిన రేవు. మేముండే పేట పేరే వలందపాలెం.

"బందర్లో కరెంటు పోయినా పక్కింటివాళ్ళ మాటలు వినపడతాయండీ. ఇక్కడ పట్టపగలు ఏమీ వినపడదు" అంది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఆ వీధిలోనే ఆమె చనిపోయింది. వెనక నుంచి ఒక కారు ఆమె కారుకు తగిలింది. ఆమె దిగింది. ఆ కారులోంచి దిగినవాడు కాల్చాడు. అది దొంగ కారు. అతని వయసు ఇరవై మూడు. పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను.

కోడూరులో, మా మామగారి పక్కన సమాధి చేశాం. శవపేటిక రావడానికి పదకొండు రోజులు పట్టింది.

కేసు పదహారు నెలలు నడిచింది. ఆమె అరుచుకుంటూ తన మీదకు వచ్చిందనీ, చేతిలో ఏదో ఉందనీ, భయపడి కాల్చాననీ ముద్దాయి చెప్పాడు. చేతిలో ఉన్నది ఫోను. కాల్చడం చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ వీధిలో కెమెరాలు లేవు. చివరికి రెండు వైపుల లాయర్లూ ఒప్పందానికి వచ్చారు. హత్య అనకుండా చిన్న సెక్షను కింద అతను నేరం ఒప్పుకుంటాడు. పదిహేనేళ్ళు శిక్ష. దానికి జడ్జి ముద్ర వేయడమే మిగిలింది. ఆ రోజున కుటుంబ సభ్యులు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు.

వాయిదాకు ముందు రోజు మా అత్తగారు కృపావతి గారు కోడూరు నుంచి ఉల్లిపాలెం వంతెన మీదుగా బస్సులో వచ్చారు. నేను స్కూటరు మీద బస్టాండుకు వెళ్ళి తీసుకొచ్చాను. ఆవిడకు డెబ్భై దాటాయి. ఎప్పుడు స్కూటరెక్కినా ఎడమచెయ్యి నా భుజం మీద వేసి పట్టుకుంటారు. గతుకు వస్తే ఆ చెయ్యి బిగుసుకుంటుంది.

సాయంత్రం మా చర్చి పాస్టరు ఏలీయా అయ్యగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. ప్రార్థన అయ్యాక కాఫీ తాగుతూ అసలు మాట అన్నారు.

"జీవానందం గారూ, మీరు రేపు క్షమించాను అన్న ఒక్క మాట అంటే చాలండీ. దేశం కాని దేశంలో అది గొప్ప సాక్ష్యం అవుతుంది. మన సంఘానికీ మంచి పేరు."

మా అత్తగారు గ్లాసు కింద పెట్టారు.

"అయ్యగారూ, పోయిన నెల మీ అమ్మాయి స్కూటీకి ఆటోవాడు గీత పెట్టాడని స్టేషన్‌కి వెళ్ళారంట?"

"అది... వాడు తాగున్నాడమ్మా."

"ఊరికే అడిగా లెండి. కాఫీలో పంచదార సరిపోయిందా?"

శ్యాంబాబు నవ్వాపుకోడానికి లాప్‌టాప్ వైరు సర్దుతున్నట్టు వంగాడు. అయ్యగారు కాసేపుండి వందనాలు చెప్పి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక అత్తగారు అడిగారు. ఈ పదహారు నెలల్లో ఎన్నిసార్లు కలిసినా అడిగే ప్రశ్నే.

"అసలెందుకు దిగింది బాబూ? దిగొద్దని వాళ్ళ స్కూలువాళ్ళు చెప్పారంట కదా."

నా బదులు శ్యాంబాబు జవాబు చెప్పాడు. ప్రతిసారీ అతనే చెబుతాడు.

"అక్క సంగతి నీకు తెలీదా అమ్మా. గుడివాడ బస్టాండు ముందు ఏం చేసింది? బావ స్కూటరుకి ఆటోవాడు తగిలించాడు. బావ పోనీలే అంటున్నాడు. ఈవిడ దిగి ఆటో ముందు నిలబడింది. అర నిమిషంలో ముప్పై మంది పోగయ్యారు. చెరుకురసం బండివాడు బండి వదిలేసి వచ్చాడు. 'లైసెన్సేది, నంబరెంత, నీకు లెక్కలు చెప్పిందెవరు' అని క్లాసు పీకింది. చివరికి వాడు 'తప్పయింది టీచరు గారూ' అని, అద్దం తనే బిగించి పంపాడు. అవునా బావా?"

"అవును" అన్నాను.

"అదే అక్కడా చేసుంటుంది. నోరు ఊరుకోదు కదా."

"నోరే" అన్నారు అత్తగారు. "చిన్నప్పటి నుంచీ చెప్పాను. ఆ నోరే తీసుకుపోయింది." మళ్ళీ తనే అన్నారు. "కోర్టులో వాడు చెప్పింది నిజమేనేమో. అరుచుకుంటూనే వెళ్ళుంటుంది నా తల్లి."

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను.

ఇక్కడ ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది. అక్కడి ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధిత కుటుంబాలతో మాట్లాడే డెనీస్ అనే ఆవిడ మొదటి వారంలోనే నన్ను అడిగింది. చనిపోయేటప్పుడు ఆమె మీతో ఫోన్లో ఉందా, ఏమైనా విన్నారా అని. వెనక నుంచి కారు తగిలిందని చెప్పగానే సిగ్నల్ పోయింది, హలో హలో అంటూ ఉండిపోయాను అని చెప్పాను. అదే మాట సంతకం పెట్టి పంపాను.

సిగ్నల్ పోలేదు.

పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను. ఫోన్ స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

"ఏవండీ, వెనక ఎవరో తగిలించారు" అంది.

"గట్టిగానా?"

"గట్టిగా ఏం కాదు. లైటు పగిలినట్టుంది. ఇలాంటప్పుడు ఆగొద్దని చెప్పారండీ స్కూల్లో. తిన్నగా పోలీస్ స్టేషన్‌కో పెట్రోల్ బంకుకో పోనివ్వమన్నారు. పోనివ్వనా?"

నేను పేపరు మీంచి తల ఎత్తలేదు. "పోనిస్తే తప్పు నీదే అంటారు. పొద్దున్నే ఎవడేం చేస్తాడు? దిగి నంబరు చూడు" అన్నాను.

మా ఊళ్ళో ఎవరైనా అదే అంటారు. బండి తగిలితే దిగాలి. దిగి నిలబడితే చుట్టూ మనుషులు చేరతారు. తప్పెవరిదో వాళ్ళే చెబుతారు. దిగనివాడిదే తప్పు. రెబెకా గుడివాడలో దిగింది ఆ ముప్పై మందిని నమ్ముకునే. ఆమె దిగబోతున్న వీధిలో పదమూడు ఇళ్ళకు చెక్కలు కొట్టి ఉన్నాయని నాకు తెలుసు. ఆమే చెప్పింది. ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

ఆమె దిగింది. తలుపు తెరిచి ఉంచితే కారు టింగుటింగుమని మోగడం వినిపించింది. ఆమె అరవలేదు. "నీకేమైనా దెబ్బ తగిలిందా?" అని ఇంగ్లీషులో అడిగింది. పిల్లవాడు బెంచీ మీంచి పడితే అడిగే గొంతుతో అడిగింది. అతను కారు తాళాలు అడిగాడు. "తీసుకో, తీసుకో" అంది. తర్వాత నాతో తెలుగులో, "ఏవండీ, తాళాలు ఇచ్చేస్తున్నాను" అంది. ఆ తర్వాత కాల్చిన చప్పుడు. ఒక కారు వెళ్ళిపోయిన చప్పుడు.

నాలుగు నిమిషాల పాటు ఫోన్ ఆగలేదు. టింగుటింగు మోగుతూనే ఉంది. ఎవరైనా వస్తారేమో అని విన్నాను. చప్పుడు విని ఒక ముసలామె కిటికీలోంచి చూసి పోలీసులకు ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. ఆమె కూడా బయటికి రాలేదు.

నేను విన్నది మొదటి వారంలోనే చెప్పి ఉంటే అది దోపిడీ, హత్య. చెబితే నేనన్నదీ చెప్పాలి. చెప్పలేదు. అందరూ రెబెకా నోటిని తప్పుపడుతుంటే వింటూ ఊరుకున్నాను. శ్యాంబాబు గుడివాడ సంగతి చెప్పిన ప్రతిసారీ "అవును" అన్నాను.

డెనీస్‌కు ఉదయమే ఇంగ్లీషు అని మెసేజి పెట్టి ఉంచాను. ఇంగ్లీషులో చెబితే మా అత్తగారికి అర్థం కాదు. అంతా అక్కడ చెప్పేసి, ఇక్కడ ఏమీ జరగనట్టు ఉండవచ్చు. శ్యాంబాబు నోరు మూయించడం నాకు తెలుసు. నిజం చెప్పాలని తీర్మానించుకున్నాక కూడా నేను వేసుకున్న లెక్క అది.

పెరట్లో నిలబడి రెండో మెసేజి పెట్టాను. తెలుగులో మాట్లాడతాను అని.

మర్నాడు సాయంత్రం ఎనిమిదికి లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. తెర మీద కోర్టు హాలు కనిపించింది. జడ్జిగారు ఒక నడివయసు స్త్రీ. ముద్దాయి నారింజ రంగు దుస్తుల్లో ఉన్నాడు. నేననుకున్నంత ఎత్తు లేడు. వెనక వరసలో టోపీ పెట్టుకున్న ఒక వృద్ధురాలు ఒక్కతే కూర్చుని ఉంది. అతని నాయనమ్మ అని డెనీస్ ముందే చెప్పింది. ఆవిడది కూడా ఆ వీధుల్లో ఇల్లేనట. అది ఖాళీ చేశాక ఇటుకలు పోయాయట.

"తెలుగెందుకు బావా, నీ ఇంగ్లీషు బానే ఉంటదిగా" అన్నాడు శ్యాంబాబు నెమ్మదిగా.

"అత్తయ్యగారికి అర్థం కావాలి."

శ్యాంబాబు తెచ్చిన రెండు పేజీలు బల్ల మీదే ఉంచాను. నా పేరు చెప్పాను. తర్వాత ఆ ఫోన్ గురించి పైన రాసినదంతా చెప్పాను. నేను ఒక వాక్యం చెప్పడం, అనువాదకుడు దాన్ని ఇంగ్లీషులో చెప్పడం. అతను యువకుడు, మా వైపు వాడే అనుకుంటాను. "దిగి నంబరు చూడు" దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చెప్పాడు. మూడు నిమిషాలు దాటినా జడ్జిగారు ఆపలేదు.

"ఆమె అరవలేదు" అని ముగించాను. "దిగమన్నది నేను."

నా పక్కన కుర్చీ కిర్రుమంది. నేను అటు చూడలేదు.

ప్రాసిక్యూటరు లేచి, ఈ సమాచారం తమ దగ్గర లేదనీ, సాక్షి సంతకం పెట్టిన కాగితంలో సిగ్నల్ పోయిందని ఉందనీ చెప్పాడు. పది నిమిషాలు విరామం ఇచ్చారు.

మళ్ళీ కూర్చున్నాక ప్రాసిక్యూటరు ఒప్పందానికే కట్టుబడి ఉంటామన్నాడు. కారణం కూడా దాచకుండా చెప్పాడు. ఒకసారి అబద్ధం రాసిచ్చిన సాక్షిని జ్యూరీ ముందు నిలబెడితే కేసు నిలవదు, ఆ పదిహేనేళ్ళు కూడా పోవచ్చు. మా కోర్టులో అయినా అంతే అని శ్యాంబాబు మొహం చెప్పింది.

ముద్దాయిని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. అతను బల్ల వైపే చూస్తూ చెప్పాడు. అనువాదకుడు మాకు తెలుగులో వినిపించాడు.

"ఆయన చెప్పింది నిజం. నీకు దెబ్బ తగిలిందా అని అడిగింది. తాళాలు ఇస్తూ నా వైపు నడిచి వచ్చింది. అక్కడ అలా ఎవరూ దగ్గరికి రారు. నాకు భయం వేసింది. క్షమించండి."

జడ్జిగారు మా కుటుంబానికి సానుభూతి తెలిపారు. పదిహేనేళ్ళు వేశారు. ఆ నిజం విన్నా అంతే, వినకపోయినా అంతే. తెర మీద వేరే కేసు నంబరు పిలిచారు. శ్యాంబాబు లాప్‌టాప్ మూశాడు.

"పదహారు నెలలు బావా" అన్నాడు. "పదహారు నెలలు నాతో అక్క నోటిని తిట్టించావు."

చెప్పులేసుకుని తన ఇంటికి వెళ్ళిపోయాడు.

అత్తగారు చాలాసేపు కుర్చీలోనే ఉన్నారు. తర్వాత, "ఆగొద్దన్నారని నీతో చెప్పిందా?" అని అడిగారు. అంతవరకూ ఆవిడ నన్ను ఎప్పుడూ మీరు అనే పిలిచారు.

"చెప్పిందండీ."

"పోనివ్వనా అని అడిగిందా?"

"అడిగింది."

ఆవిడ తల ఊపి లేచి లోపలికి వెళ్ళారు. అన్నం తినలేదు. నేనూ రమ్మని పిలవలేదు.

పొద్దున్నే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆటోలో వెళ్తానన్నారు. ఆ వేళకు మా పేటలో ఆటోలు రావు. స్కూటరు తీశాను. బస్టాండు దాకా ఆవిడ చెయ్యి నా భుజం మీద పడలేదు. కోనేరు సెంటరు దగ్గర గతుకులో స్కూటరు ఎగిరింది. అద్దంలో చూస్తే సీటు వెనక ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

అవనిగడ్డ మీదుగా కోడూరు వెళ్ళే బస్సు సిద్ధంగా ఉంది. సంచి అందించాను. కిటికీ పక్కన కూర్చున్నారు. డ్రైవరు ఎక్కి తలుపు వేసుకున్నాక నా వైపు తిరిగారు.

"చూసిందా?" అన్నారు.

"ఏమిటండీ?"

"నంబరు. నువ్వు చూడమన్నావు కదా. చూసిందా నా పిల్ల?"

పోలీసులు పంపిన కాగితాల్లో అది మూడో పేజీలో ఉంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

"ఆ కారుకు నంబరు ప్లేటు లేదండీ" అన్నాను.

ఆవిడ కొంగు సర్దుకుని ముందుకు తిరిగి కూర్చున్నారు. బస్సు కదిలింది.